దాటించుకునే విద్య

ఓవర్‌టేక్ చేసినవాడికి చప్పట్లు కొడతాం. చేయించుకున్నవాడి వైపు కెమెరా కూడా తిరగదు. కారు రేసుల్లో ఇది మామూలే. వెనకబడ్డవాడి గురించి చెప్పుకోవడానికి ఏముంటుందిలే అనుకుంటాం. ఏటా జూన్‌లో ఫ్రాన్స్‌లో జరిగే లె మాన్ 24 గంటల రేసు ముందు కూర్చుంటే మాత్రం ఈ లెక్క తారుమారవుతుంది. అక్కడ దాటడం ఎంత పనితనమో, దాటించుకోవడమూ అంతే పనితనం. నన్నడిగితే రెండోదే కొంచెం ఎక్కువ కష్టం.

ఆ రేసు అక్కడి సాయంత్రం నాలుగింటికి మొదలవుతుంది. మనకి రాత్రి ఏడున్నర. మర్నాడు మళ్లీ ఆ వేళకే ముగుస్తుంది. చుట్టు పొడవు 13.626 కిలోమీటర్లు. అందులో చాలా భాగం మిగతా రోజుల్లో ఊళ్లోవాళ్లు తిరిగే రోడ్డే. 2024లో ఈ చుట్టు మీద 62 కార్లు బయల్దేరాయి. 23 హైపర్‌కార్లు, 16 ఎల్ఎంపీ2 కార్లు, 23 ఎల్ఎంజీటీ3 కార్లు. హైపర్‌కార్లంటే ఫెరారీ, టొయోటా, పోర్షే లాంటి కంపెనీలు రేసు కోసమే కట్టిన యంత్రాలు. ఎల్ఎంపీ2 కూడా రేసు కోసం పుట్టినవే కానీ అందరికీ ఒకే ఇంజిను, ఖర్చుకి కళ్లెం. మూడోవి, పొట్టిగా చెప్పాలంటే జీటీలు, షోరూములో కనిపించే పోర్షే 911, కార్వెట్, మస్టాంగ్‌ల రూపంలో ఉంటాయి. ఒకే రోడ్డు, ఒకే గడియారం, మూడు పందేలు. ఎవరి క్లాసులో గెలుపు వాళ్లది.

ఆ ఏడాది మొత్తం రేసు గెలిచిన ఫెరారీ 311 చుట్లు తిరిగింది. ఎల్ఎంపీ2లో గెలిచిన కారు 297, జీటీలో గెలిచిన పోర్షే 281. వాన, సేఫ్టీ కారు కలిసి గంటల తరబడి అందరినీ నెమ్మదింపజేసిన రేసులోనే ఇంత తేడా. రోడ్డు పొడిగా ఉండి అంతా సాఫీగా సాగుతుంటే హైపర్‌కార్‌కి చుట్టుకి మూడున్నర నిమిషాలు పడుతుంది, జీటీకి సుమారు నాలుగు. అంటే ఒక్కో హైపర్‌కార్ ఒక్కో జీటీ కారుని దాదాపు అరగంటకోసారి దాటిపోతుంది. అలాంటివి 23. జీటీ డ్రైవరు అద్దంలో నిమిషానికి కాస్త అటూ ఇటూగా ఒక జత లైట్లు పెద్దవవుతూ వస్తూనే ఉంటాయి. మధ్యలో ఎల్ఎంపీ2 వాళ్లు అదనం. అదే సమయంలో తన క్లాసులో ముందున్నవాణ్ని పట్టుకోవాలి, వెనకున్నవాణ్ని ఆపాలి.

ఒకసారి మా పక్కింటాయన నాతోపాటు కూర్చుని ఈ రేసు చూశారు. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి, విజయవాడ హైవే మీద బస్సు నడిపినవారు. జీటీ కారు లోపలి కెమెరా వస్తుంటే కాసేపు చూసి, "ఎన్క అంత స్పీడుగ బండొస్తుంటే జర సైడియ్యొచ్చు గద సార్? మేమైతే ఇచ్చెటోళ్లం" అన్నారు. అక్కడ సైడిస్తేనే ప్రమాదం అన్నా అని చెప్పాను. ఆయన నమ్మినట్టు లేదు. "మరి ముందటోడు ఎటు పోతడో ఎన్కటోడికెట్ల తెలుస్తది? ఇండికేటరేస్తడా?" అని నవ్వారు. జర్మనీలోని నూర్బుర్గ్‌రింగ్‌లో నిజంగానే వేస్తారు. అక్కడి 24 గంటల రేసులో చుట్టు పాతిక కిలోమీటర్ల పైన, కార్లు వందకి మించి, క్లాసులు లెక్కపెట్టలేనన్ని. నిదానంగా వెళ్లే కారు కుడి ఇండికేటర్ వేసిందంటే 'నేను ఈ పక్కనే ఉంటాను, నువ్వు అవతల నుంచి వెళ్లు' అని అర్థం. ఆ మాట వినగానే ఆయన, "మన లారీలోడు కుడి ఇండికేటరేస్తే పొమ్మంటుండో, తనే మలుగుతుండో పోయినంక గాని తెల్వదు" అన్నారు. ఆయన సరదాకి అన్నా, అసలు సంగతంతా ఆ మాటలోనే ఉంది. ముందున్నవాడు మంచివాడా కాదా అన్నది వెనకవాడికి అనవసరం. వాడు ఏం చేయబోతున్నాడో ముందే తెలియాలి.

ట్రాక్ మీద సైడివ్వకపోవడానికి పొగరు కారణం కాదు, మొదటి కారణం టైరు. రేసు టైరు మెత్తటి రబ్బరు. అరిగేకొద్దీ చిన్న చిన్న ఉండలుగా ఊడి రోడ్డు మీద పడుతుంది. వాటిని అక్కడివాళ్లు మార్బుల్స్ అంటారు. అందరూ వెళ్లే గీత మీద కార్లు తొక్కి తొక్కి రోడ్డు శుభ్రంగా, పట్టుగా ఉంటుంది. దానికి బారెడు అవతల ఈ ఉండలూ దుమ్మూ ఇసుకా. మర్యాదకి పోయి అటు జరిగిన కారు టైర్లకి ఆ చెత్తంతా అంటుకుంటుంది. తర్వాతి మలుపులో బ్రేకు వేస్తే పట్టు దొరకదు. దారిచ్చినవాడు గోడకి కొట్టుకుంటే, ఆ ముక్కలు దాటిపోయినవాడి వెనక వచ్చేవాళ్ల మీద పడతాయి.

రెండో కారణం వేగం. గంటకి 300 కిలోమీటర్లంటే సెకనుకి 80 మీటర్ల పైమాటే. వెనక వచ్చే హైపర్‌కార్ డ్రైవరు, ముందున్న కారు ఇదే గీత మీద ఉంటుందని లెక్కేసుకుని, ఎడమ నుంచో కుడి నుంచో వెళ్లాలని ఎప్పుడో నిర్ణయించేసుకుని ఉంటాడు. సరిగ్గా ఆ క్షణంలో ముందున్నవాడు పెద్దమనసు చేసుకుని అదే వైపు తప్పుకుంటే ఇద్దరూ ఒకే చోట కలుస్తారు. అందుకే కొత్తగా వచ్చిన జీటీ డ్రైవర్లకి పాతవాళ్లు చెప్పే మాట ఒకటే: నీ గీత నువ్వు వదలకు. ఫార్ములా వన్‌లో నీలిజెండా చూపించాక చుట్టు వెనకబడ్డ కారు దారివ్వకపోతే శిక్ష పడుతుంది. ఇక్కడ ఆ జెండా ముఖ్యంగా వెనక ఎవరో వస్తున్నారనే కబురు. సురక్షితంగా దాటే బరువు వేగంగా వచ్చేవాడి మీదే ఉంటుంది.

గీత వదలకపోవడమంటే కళ్లు మూసుకుని వెళ్లడం కాదు. తిన్నటి రోడ్డు మీద దాటడం తేలిక. హైపర్‌కార్ 340 దాకా వెళ్తుంది, జీటీ 300 లోపే ఆగుతుంది. తేడా కళ్లకి కనిపిస్తూనే ఉంటుంది. చిక్కంతా మలుపుల్లో. పోర్షే కర్వ్స్ అనే చోట వేగం తగ్గకుండా మలుపు వెనక మలుపు వస్తుంది, గోడలు దగ్గర. హైపర్‌కార్‌ని గాలి రోడ్డుకేసి నొక్కి పట్టుకోవడం వల్ల అది అక్కడ జీటీ కంటే ఎంతో వేగంగా తిరగగలదు. కానీ ముందు జీటీ ఉంటే దాని వెనకే ఈడ్చుకుంటూ వెళ్లాలి. తెలివైన జీటీ డ్రైవరు ఈ మలుపులు రాకముందే అద్దం చూసి తేల్చుకుంటాడు. వెనకవాడు మరీ దగ్గరగా ఉంటే మలుపుకి ముందే పెడలు మీద పాదం ఒక పిసరు తేలికచేసి పోనిస్తాడు. దూరంగా ఉంటే తన వేగంతో తాను లోపలికి వెళ్లిపోతాడు. మలుపు మధ్యలో దాటించుకోవడమే అన్నిటికంటే నష్టం. పక్కనుంచి దూసుకెళ్లిన కారు గాలిని చెదరగొడుతుంది, తన కారు ముక్కు తేలిపోయి స్టీరింగ్ మాట వినదు.

ఇందులో ఎత్తులూ ఉన్నాయి. తన క్లాసులో ప్రత్యర్థి పక్కపక్కనే ఉన్నప్పుడు హైపర్‌కార్ వచ్చిందనుకోండి. అది ప్రత్యర్థిని ఏ మలుపులో పట్టుకుంటుందో ఊహించి, ప్రత్యర్థి తడబడ్డ ఆ అర సెకనులో దాని వెనకే తనూ దూరిపోయే డ్రైవర్లున్నారు. హైపర్‌కార్లవాళ్లదీ ఇదే ఆట. ముందున్న ప్రత్యర్థిని మామూలుగా దాటలేనివాడు, ఆ ప్రత్యర్థి పోర్షే కర్వ్స్‌లో జీటీల గుంపు వెనక ఇరుక్కునేదాకా ఓపిక పడతాడు. చుట్టుకి ఇలా పోయే సెకన్లని 24 గంటల పాటు కూడితే ఎంతవుతుందో చూడండి. 2011లో ఆడి కారు ప్యూజో మీద గెలిచింది 13.854 సెకన్ల తేడాతో.

ఆ 2011 రేసే దీని రెండో ముఖం కూడా చూపించింది. మూడు ఆడిలు బయల్దేరితే, జీటీలని దాటుతుండగానే వాటిలో రెండు పాడైపోయాయి. మొదటి గంటలో అలన్ మెక్‌నిష్ తన జట్టు కారుని దాటే తొందరలో పక్కనున్న ఫెరారీకి తగిలి, గాల్లోకి లేచి బారికేడ్ల మీద పడ్డాడు. రాత్రి మైక్ రాకెన్‌ఫెల్లర్ నడుపుతున్న ఆడి ఇంకో ఫెరారీకి తగిలి తునాతునకలైంది. ఇద్దరూ బతికి బయటపడ్డారు. మరుసటి ఏడాది ఆంథొనీ డేవిడ్‌సన్ టొయోటా ఇలాగే ఒక ఫెరారీని దాటుతూ గాల్లో పల్టీ కొట్టింది, అతని వెన్నుపూసలు విరిగాయి. ఇంకా వెనక్కి వెళ్తే 1955 జూన్ 11. పిట్‌లోకి వెళ్లడానికి మైక్ హాథార్న్ జాగ్వార్ బ్రేకు వేసింది. దాని వెనకున్న లాన్స్ మాక్లిన్ ఆస్టిన్-హీలీ నిదానమైన కారు, తప్పించుకోవడానికి ఎడమకి జరిగింది. ఆ ఎడమ నుంచే పియర్ లెవేగ్ మెర్సిడెస్ పూర్తి వేగంతో వస్తోంది. ఆ సాయంత్రం లెవేగ్‌తో పాటు 80 మందికి పైగా ప్రేక్షకులు చనిపోయారు. మాక్లిన్‌కి వేరే దారి లేదు. గీత మారక తప్పని పరిస్థితి ఎంత ప్రమాదమో చెప్పడానికి రేసు చరిత్రలో అంతకంటే ఘోరమైన సాక్ష్యం లేదు.

ఇన్ని చూశాక కొందరు అడిగేది న్యాయమైన ప్రశ్నే. వేగం తేడా ఇంత ఉన్నవాళ్లని ఒకే రోడ్డు మీదికి ఎందుకు వదలాలి? పైగా జీటీ క్లాసులో ప్రతి కారులోనూ ఒక బ్రాంజ్ డ్రైవరు ఉండి తీరాలన్నది నియమం. ప్రపంచ మోటారు క్రీడల సంస్థ ఎఫ్ఐఏ డ్రైవర్లని ప్లాటినం, గోల్డ్, సిల్వర్, బ్రాంజ్ అని నాలుగు రకాలుగా విడదీస్తుంది. బ్రాంజ్ అంటే చాలావరకు సొంత వ్యాపారమో ఉద్యోగమో చేసుకుంటూ రేసుకి వచ్చినవాళ్లు. వాళ్లని తీసేస్తే సరిపోతుంది కదా?

నేను ఒప్పుకోను. ఈ రేసు పుట్టుకలోనే దానికి జవాబుంది. 1923లో మొదటి లె మాన్‌కి 33 కార్లు వచ్చాయి. ఆ ఏడాది మొత్తానికి ఒక విజేత అంటూ అధికారికంగా లేనేలేడు. ఇంజిన్ సైజుని బట్టి ఒక్కో కారుకి ఇంత దూరం వెళ్లాలని లక్ష్యం పెట్టారు. అందరికంటే ఎక్కువగా 2,200 కిలోమీటర్ల పైన తిరిగిన షెనార్-వాల్కర్‌ని మనం ఇప్పుడు విజేత అని రాసుకుంటున్నాం. ఎవరి కొలతతో వాళ్లు పోటీపడటమే ఇక్కడ అసలు ఆట, అందరికంటే వేగంగా వెళ్లినవాడికి కిరీటం తర్వాత వచ్చింది. క్లాసులు తీసేస్తే లె మాన్ భద్రంగా మారదు, వేరే రేసుగా మారుతుంది. అలాంటి రేసులు కావలసినన్ని ఉన్నాయి. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా-ఈ రేసు అలాంటిదే. అన్నీ ఒకే క్లాసు కార్లు. అక్కడ గెలిచిన జాన్ ఎరిక్ వెర్న్ అదే జూన్‌లో లె మాన్‌లో ప్యూజో హైపర్‌కార్ నడిపాడు. హైదరాబాద్‌లో అతను తనంత వేగం ఉన్నవాళ్లని చదివితే చాలు. లె మాన్‌లో ముక్కూ మొహం తెలియని వ్యాపారి, అలసిపోయిన వేళ, ఏ క్షణాన బ్రేకు వేస్తాడో కూడా చదవాలి.

ఆ వ్యాపారి తక్కువవాడు కాదు. అదే 2023లో జీటీ క్లాసు గెలిచిన కార్వెట్‌లో ముగ్గురు డ్రైవర్లలో ఒకరు బెన్ కీటింగ్. టెక్సస్‌లో కార్ల డీలర్‌షిప్పులున్నవాడు, బ్రాంజ్. మొదటి గంటల్లోనే కారు చెడిపోయి రెండు చుట్లు వెనకబడ్డారు. అక్కడి నుంచి వాన, చీకటి, గుంపులు గుంపులుగా వచ్చే హైపర్‌కార్ల మధ్య కారుని తిప్పి గెలిచారు. ఆ జట్టుకి సాయం చేసే పరికరమూ ఉండేది. అప్పటికి పదేళ్ల కిందటి నుంచే కార్వెట్ వెనక రాడార్, కెమెరా పెట్టి, వచ్చే కారు ఎంత వేగంతో ఏ పక్కకి వస్తోందో డ్రైవరు ముందున్న తెర మీద బాణం గుర్తులతో చూపించేవాళ్లు. అద్దంలో లైట్లు మాత్రమే కనిపించే రాత్రివేళ అది పెద్ద ఆసరా. కానీ తెర చెప్పేది కబురే, గీత మీద నిలబడాల్సింది మనిషే.

పైక్లాసులో కంపెనీలు పెరగడంతో మిగతావాళ్లకి చోటు తగ్గింది. 2024 నుంచి ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఎల్ఎంపీ2ని తీసేశారు, లె మాన్‌లో మాత్రం ఉంచారు. ఉంచినందుకు నాకు సంతోషం. 2017లో పెద్ద కార్లు ఒక్కొక్కటే పాడైపోతుంటే ఒక ఎల్ఎంపీ2 మొత్తం రేసుకే ముందు నడిచి, చివరి గంటల్లో పోర్షేకి చోటిచ్చి రెండో స్థానంలో నిలిచింది. కిందిక్లాసు దారికి అడ్డం అనుకునేవాళ్లు ఆ ఫలితాల పట్టిక ఒకసారి చూడాలి.

ఈసారి జూన్‌లో రేసు చూడాలనుకునేవాళ్లకి ఒక సలహా. మొదటి స్థానం కోసం పోరు చివరి గంటలో ఎలాగూ చూపిస్తారు. మనకి తెల్లవారుజామున, అక్కడ నడిరాత్రి నడుస్తున్నప్పుడు ఓ గంట జీటీ కారు లోపలి కెమెరా పెట్టుకోండి. దాటిపోయే కార్లని లెక్కపెట్టకండి. అవి దాటే క్షణంలో డ్రైవరు స్టీరింగ్ చూడండి. వెనక ఎవరూ లేనప్పుడు ఆ మలుపులో అది ఎంత తిరిగిందో, అప్పుడూ అంతే తిరిగితే ఆ మనిషికి పని వచ్చినట్టు.