కార్తె తెలిసిన పిల్లలకు వాతావరణం ఇంగ్లీషు

జూన్ రెండో వారం. మృగశిర కార్తె వచ్చేసరికి రాయలసీమలోని ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో దుక్కులు సిద్ధంగా ఉంటాయి. నల్లరేగడిలో పత్తి, ఎర్రనేలలో వేరుశనగ వేయాల్సిన రైతు ముంగారు (తొలకరి) వాన కోసం చూస్తుంటాడు. దాదాపు అవే రోజుల్లో బడులు తెరుస్తారు. పిల్లలకు ఇంగ్లీషులో వాతావరణం మాటలు మొదలవుతాయి: సన్నీ, క్లౌడీ, రెయినీ, విండీ. గోడ మీది పటంలో నాలుగు రుతువులుంటాయి. అందులో ఒక దాని నిండా మంచు. వానను పొమ్మని చెప్పే ఇంగ్లీషు బాలగేయం కూడా నేర్పుతారు. వాన కోసం ఊరంతా ఎదురుచూసే చోట ఈ పాఠం పిల్లల జీవితాన్ని తాకకుండానే వెళ్లిపోతుంది.

ఈ నేలలో వాతావరణాన్ని నేర్పే చదువు బడికంటే ముందు నుంచీ ఉంది. అదే కార్తెల లెక్క. ఇంగ్లీషు పాఠాన్ని దాని మీద నిలబెడితే పిల్లలకు భాషా వస్తుంది, వాతావరణ శాస్త్రంలో అతి ముఖ్యమైన తేడా ఒకటీ పట్టుబడుతుంది.

సూర్యుడు ఏడాదిలో 27 నక్షత్రాలను దాటుతాడు. ఒక్కో దానిలో ఉండే 13, 14 రోజులే ఒక కార్తె. సూర్యమానం గనుక తిథుల్లా ముందుకూ వెనక్కూ జరగదు; ఏటా దాదాపు అదే తేదీకి అదే కార్తె వస్తుంది. ఏప్రిల్ మధ్యలో అశ్విని, మే చివర రోళ్లు పగిలే రోహిణి, జూన్‌లో విత్తనానికి మృగశిర, ఆరుద్ర. ఆగస్టు రెండో సగం నుంచి పంట నిలబడాలంటే మఖ, పుబ్బల్లో వాన పడాలి. సెప్టెంబరు మధ్యలో ఉత్తర, ఆ తర్వాత హస్త, చిత్త. హింగారు (ముంగారు తర్వాత వచ్చే) వానలు పడితే నల్లరేగడిలో శనగ వేస్తారు.

ఈ చదువులో మూడు పనులున్నాయి. మొదటిది జ్ఞాపకం: ఒక్కో కార్తెకు ఒక్కో సామెత ముడిపెట్టి నోటికి రానివ్వడం. రెండోది గమనింపు: గాలి ఏ దిక్కు నుంచి మళ్లింది, మెరుపు ఏ మూల మెరిసింది, చీమలు గుడ్లు మోసుకుపోతున్నాయా, చందమామ చుట్టూ గుడి దగ్గరగా కట్టిందా దూరంగా కట్టిందా. మూడోది కొలత: వాన వెలిశాక చేనిలో మట్టి తవ్వి తడి ఎంత లోతుకు దిగిందో చూడడం. జానెడు దిగితే ఒక నిర్ణయం, మూరెడు దిగితే మరొకటి. దుక్కికి సరిపోయే పదును వేరు, విత్తనానికి కావలసిన పదును వేరు. గుర్తుంచుకోవడం, చూడడం, కొలవడం అన్న ఈ మూడూ ఏ భాషా బోధనకైనా పనికొస్తాయి.

ఇప్పుడు తరగతిలోకి వద్దాం. గోడ మీద 27 గడుల పట్టీ పెట్టాలి. ప్రతి కార్తె ఎదుట రెండు వరుసలు. మొదటి వరుసలో ఆ కార్తెలో ఏం జరుగుతుందని ఇంట్లో అవ్వాతాతలు చెప్పారో అది. రెండో వరుసలో ఈ ఏడు నిజంగా ఏం జరిగిందో అది. మొదటి వరుసకు ఇంగ్లీషు వాక్యం: ‘ఇట్ యూజువల్లీ రెయిన్స్ ఇన్ మృగశిర’. రెండో దానికి: ‘ఇట్ డిడ్ నాట్ రెయిన్ దిస్ ఇయర్’. ఎప్పుడూ జరిగేదానికి ఒక కాలం, ఒకసారి జరిగినదానికి ఇంకో కాలం. వ్యాకరణంతో పాటే క్లైమేట్‌కూ వెదర్‌కూ తేడా తెలిసిపోయింది. వార్తల్లో రెంటినీ వాతావరణమనే రాస్తుంటారు గనుక పెద్దలకే తికమక. వాతావరణ శాస్త్రవేత్తలు మామూలుగా 30 ఏళ్ల సగటును క్లైమేట్‌కు ఆధారంగా తీసుకుంటారు. తరాల అనుభవం నిలిపిన సామెత మొదటి వరుసకు చెందుతుంది, ఈ రోజు పడిన చినుకు రెండో వరుసకు.

ఇక మాటలు. తెలుగులో వాన పడుతుంది, ఎండ కాస్తుంది, చలి వేస్తుంది, ఉక్క పోస్తుంది. ఇంగ్లీషులో వీటిలో చాలా వాటికి ముందు ‘ఇట్’ వచ్చి నిలబడుతుంది. ‘నాకు చలేస్తోంది’లోని ‘నాకు’ అక్కడ ‘ఐ’ అవుతుంది. పిల్లలు తడబడేది ఇక్కడే. కాబట్టి సన్నీ, రెయినీ జాబితా కంటే ముందు ఈ వాక్యాల అల్లికను నోట నానించాలి. తర్వాత వానలను వాటి బలాన్ని బట్టి వరుసలో పెట్టించాలి: తుంపరకు డ్రిజిల్, జల్లుకు షవర్, కుండపోతకు డౌన్‌పోర్. మఖ, పుబ్బల్లో వచ్చే వరపుకు డ్రై స్పెల్ సరిగ్గా అతుకుతుంది. ముసురుకు ఒక్క మాట దొరకదు. రోజంతా విడవకుండా పడే సన్నటి వాన అని వాక్యంలో చెప్పించాలి. అలా చెప్పగలగడమే భాష రావడం.

కరువు విషయంలో ఇంగ్లీషు రెండు మాటలు అడుగుతుంది. వాన రాకపోతే డ్రాట్, తిండి దొరకకపోతే ఫామిన్. 1876-78 నాటి ధాత కరువులో రాయలసీమ ఈ రెంటినీ చూసింది. మొదటిది రెండోదిగా ఎందుకు మారిందని పిల్లలు అడిగితే అదే మంచి చరిత్ర పాఠం.

పక్క భాష ఇక్కడి పిల్లలకు కొత్త కాదు. ఆలూరు, ఆదోని తాలూకాలు 1953 అక్టోబరు 1 వరకు బళ్లారి జిల్లావి. ముంగారు, హింగారు కన్నడంలోనూ అవే. ఆదోని వీధుల్లో ఉర్దూ వినిపిస్తుంది. ఒకే వానకు రెండు మూడు పేర్లు విని పెరిగిన పిల్లలు ఇంగ్లీషు పేరును ఇంకొకటిగా చేర్చుకోగలరు. 2020-21 నుంచి వచ్చిన ద్విభాషా పాఠ్యపుస్తకాల్లో తెలుగు, ఇంగ్లీషు ఎదురెదురు పేజీల్లో ఉండడమూ దీనికి కలిసొస్తుంది.

ఉత్తర చూసి ఎత్తర గంప అంటారు. ఉత్తర కార్తెకూ వాన లేకపోతే గంప నెత్తినెత్తుకుని ఊరు విడవమని దానర్థం. ఈ ప్రాంతంలో సుగ్గికి (పనుల వలసకు) పోయే కుటుంబాల పిల్లలకు ఇది బతుకు. గుంటూరు వైపు మిరప, పత్తి కోతలకు తల్లిదండ్రులు వెళితే బడి మధ్యలో ఆగుతుంది. ‘ఇఫ్ ఇట్ డజ్ నాట్ రెయిన్’ అని మొదలయ్యే వాక్యాన్ని వీళ్ల కంటే బాగా అర్థం చేసుకునే వాళ్లెవరు? వాళ్ల సొంత సంగతి చెప్పుకోవడానికి పనికొచ్చినప్పుడే ఆ భాష వాళ్లదవుతుంది.

అయితే సామెత చెప్పిందంతా జరుగుతుందని నేర్పకూడదు. 2009లో దేశం మొత్తం మీద నైరుతి వానలు సగటులో 78 శాతమే పడ్డాయి. అదే ఏడు హస్త కార్తెలో, అక్టోబరు మొదటి రోజుల్లో, తుంగభద్ర పొంగి మంత్రాలయం, కర్నూలు మునిగాయి. అందుకే రెండో వరుస నిజాయితీగా నిండాలి. పైభాగం కోసేసిన, నిటారు గోడలున్న ప్లాస్టిక్ సీసా, ఒక స్కేలు ఉంటే బడి ఆవరణలోనే వాన కొలవచ్చు. భారత వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం. సీసాలోని కొలతతో ఆ మాటను పోల్చుకున్న పిల్లవాడికి రేపు ఫోనులో వచ్చే ఇంగ్లీషు హెచ్చరిక అర్థమవుతుంది. ఇంట్లో అమ్మానాన్నలకు విడమరచి చెప్పగలుగుతాడు.

ఈ పట్టీని ప్రతి ఏడూ దాచిపెడితే పదేళ్లకు ఆ బడి దగ్గర తన ఊరి వాన చరిత్ర ఉంటుంది. మృగశిరకు రావాల్సిన వాన ఎన్నిసార్లు తప్పిందో, హస్తలో ఎన్నిసార్లు ఎక్కువైందో పిల్లలే రెండు భాషల్లో చెబుతారు. వాతావరణం మారుతోందని పెద్దలు ఊహగా అనే మాటకు వాళ్ల చేతిలో ఆధారం ఉంటుంది. దీనికి ప్రత్యేక నిధులు అక్కర్లేదు. ఒక చార్టు, ఒక సీసా, అవ్వాతాతలను అడిగి రమ్మనే ఇంటిపని చాలు. వచ్చే మృగశిరకే మొదలుపెట్టవచ్చు.