మాకొందోలో తురకల వీధి

1967లో అచ్చయిన మార్క్వెజ్ 'నూరేళ్ళ ఏకాంతం'లో, మాకొందో ఊళ్ళో తురకల వీధి ఒకటుంది. అక్కడికొచ్చేసరికి మేం ఆగిపోయాం. వాళ్ళు నిజానికి అరబ్బు వ్యాపారులు. ఒట్టోమన్ కాగితాలతో లాటిన్ అమెరికాలో దిగిన అరబ్బుల్ని, వాళ్ళలో క్రైస్తవులే ఎక్కువైనా, జనం తురకలన్నారు. ఓబులదేవరచెరువులో మాకూ అదే పేరు. టర్కీ ఎక్కడుందో పిలిచేవాళ్ళకీ అక్కర్లేదు.

2024 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ ఆ నవలని సీరియల్‌గా తెచ్చింది. పాత్రల ముఖాలు చదివేవాళ్ళే ఊహించుకోవాలని మార్క్వెజ్ బతికున్నన్నాళ్ళూ దాన్ని తెరకివ్వలేదు. కొడుకులిచ్చారు, స్పానిష్‌లో, కొలంబియాలోనే తీయాలని. ఆ షరతు మాకు నచ్చింది. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడేవాళ్ళకి భాష సంగతి ఒకరు చెప్పాలా!

మా పేచీ వేరే. మా దాదీ పెనుకొండ బాబయ్య కథ చెప్పేది. గురువిచ్చిన వేపపుల్ల అక్కడ చిగురించిందట, ఆయన అక్కడే ఉండిపోయాడట. చెబుతూ బియ్యంలో రాళ్ళేరేది. గొంతు మారేది కాదు. మార్క్వెజ్ తన అమ్మమ్మ దగ్గర పట్టుకున్నదీ ఆ గొంతునే. సీరియల్‌లో మాత్రం వింత జరిగినప్పుడల్లా కెమెరా నిలబడి చూస్తున్నట్టుంది. నవల కలగలిపిన కాలాన్ని కూడా చాలామటుకు పెళ్ళి నుంచి వరసపెట్టేశారు.

ముఖాల గురించి ఆయన భయం మాకు తెలిసిందే. తెలుగు సినిమా మాకు ఎప్పుడో ఒకటి తగిలించింది: గళ్ళ లుంగీ, మెడలో తాయెత్తు, వచ్చీరాని తెలుగు. రేపెవరైనా బాబయ్య కథని సీరియల్ తీస్తే, పుల్ల చిగురించడం ఎలాగూ చూపిస్తారు. పక్కన కూచుని బియ్యం ఏరే దాదీకి ఏ ముఖం పెడతారు?