మందలింపుల్లోంచి జనం చరిత్ర

రోమన్ సామ్రాజ్యపు చివరి శతాబ్దాల్లో సామాన్యులు ఏం పాడుకున్నారు, ఏ పండగ ఎలా చేసుకున్నారు అన్నది వెతికే పరిశోధకులంటే నాకు చాలా గౌరవం. ఆ జనం తమ గురించి తాము రాసుకున్నది బహు తక్కువ. వాళ్ల గురించి రాసినవాళ్లలో ఎక్కువమంది వాళ్లను మందలించినవాళ్లే. దక్షిణ గాల్‌లోని (నేటి ఫ్రాన్స్) ఆర్ల్ నగరానికి 502 నుంచి 542 దాకా బిషప్‌గా ఉన్న సిజేరియస్ ప్రసంగాలు 200 పైచిలుకు మిగిలాయి. జనవరి ఒకటిన జింక వేషాలు కడుతున్నారని, రోమన్ దేవుడు జూపిటర్ పేరిట గురువారం పని మానేస్తున్నారని, ప్రసంగం వినకుండా చర్చి నుంచి జారుకుంటున్నారని ఆయన కోపం. చదువు రాదు, లేఖనాలు మాకెలా వస్తాయన్న పల్లెవాళ్లను, మరి శృంగార గీతాలు ఎలా కంఠతా వచ్చాయని నిలదీశాడు. ఆ గద్దింపే అక్షరం రాని పల్లెలోని పాటల సంపదకు సాక్ష్యం.

బిషప్పులు ఒకరి మాటలు ఒకరు ఎత్తి రాసుకున్నారు కదా, నమ్మడమెలా? న్యాయమైన సందేహమే, సిజేరియస్ తనకు ముందటి బిషప్ అగస్టీన్ నుంచి ధారాళంగా తీసుకున్నాడు. అందుకే ఈ చరిత్రకారులు ఒక్క ప్రసంగంతో ఆగరు. తర్వాతి కాలపు ఓసేర్ చర్చి సభ తీర్మానాల్లోనూ జింక వేషంపై నిషేధం ఉందా అని చూస్తారు. జనం సొంత మాటల కోసం ఇంగ్లండ్‌లోని బాత్ నీటిబుగ్గలో దొరికిన సుమారు 130 సీసపు రేకుల్లో, బట్టలు పోగొట్టుకున్నవాళ్లు దొంగలకు పెట్టిన శాపాలు చదువుతారు. తేలనిదాన్ని తేలలేదనే రాస్తారు. దక్షిణ గాల్ ప్రజా సంస్కృతిపై చరిత్రకారిణి లూసీ గ్రిగ్ 2024లో వెలువరించిన గ్రంథం ఈ ఓపికకు మంచి నమూనా.