కొటేషన్ ఎక్కడ తగ్గింది?

రెన్యూవల్ దగ్గరపడితే ఎల్బీనగర్ నుంచి ఆటోనగర్ దాకా లారీ ఆఫీసుల్లో ఒకటే ప్రశ్న: "అన్నా, ఇన్సూరెన్స్ ఎవరు తక్కువకిస్తున్నారు?" దిల్‌సుఖ్‌నగర్‌లో కూర్చుని నాలుగైదు బండ్ల ఓనర్ల లెక్కలు చూసే నాకు ఈ మాట వింటే గుబులు పుడుతుంది.

థర్డ్ పార్టీ ప్రీమియంలో బేరం లేదు. ఆ రేటు కేంద్రం నిర్ణయిస్తుంది. 2022 జూన్‌లో వచ్చిన రేట్ల ప్రకారం 20 టన్నులు దాటి 40 టన్నుల లోపు బండికి 43,950 రూపాయలు, పన్ను అదనం. ఏ కంపెనీకి వెళ్లినా అంతే. అంటే కొటేషన్ తగ్గితే ఓన్ డ్యామేజీలోనే, మన బండికి జరిగే నష్టానికి కట్టే భాగంలోనే, తగ్గాలి. డిస్కౌంటిచ్చి తగ్గిస్తే సంతోషం. ఐడీవీ, అంటే పాలసీలో రాసిన బండి విలువ, కోసి తగ్గించారా, బండి పూర్తిగా పోయిన రోజున వచ్చే డబ్బు ఫైనాన్స్ బాకీకే చాలకపోవచ్చు. ఐఎంటీ 23 అనే అదనపు కవరు తీసేసినా ప్రీమియం తగ్గుతుంది. అది లేని లారీ పాలసీలో, బండి మొత్తం పోతే తప్ప, లైట్లు, టైర్లు, బంపర్లు, మడ్‌గార్డులు, దెబ్బతిన్నచోట పెయింటు లెక్కలోకి రావు. విజయవాడ హైవే మీద ముందు పోయేవి అవే కదా! నా వరకు ఐఎంటీ 23 లేని పాలసీ సగం పాలసీ.

ఇక కట్టే పద్ధతి. కిరాయి డబ్బులు నెలా రెండు నెలలకు గానీ చేతికి రావు. ఈఎంఐ ఆగదు, క్వార్టర్ టాక్సు ఆగదు. అందుకే ప్రీమియానికి చెక్కు రాసిచ్చి, ఖాతాలో డబ్బు తర్వాత చూసుకుందాం అనుకుంటారు. 1938 ఇన్సూరెన్స్ చట్టంలోని 64వీబీ సెక్షన్ ప్రకారం ప్రీమియం ముందే అందితేనే కంపెనీ రిస్కు తీసుకోవాలి. చెక్కు బౌన్సై, పాలసీ రద్దయిందన్న కబురు ప్రమాదానికి ముందే ఓనరుకు అందితే కంపెనీకి బాధ్యత లేదని 2012లో సుప్రీంకోర్టు తేల్చింది. అప్పుడు చనిపోయినవాళ్ల కుటుంబానికిచ్చే పరిహారం ఓనరే కట్టుకోవాలి. ఇల్లు అమ్మినా తీరని బాకీ అది.

బండ్లన్నిటికీ రెన్యూవల్ ఒకే తేదీకి తెస్తే గుర్తుంచుకోవడం తేలికంటారు. నాకు నచ్చదు. ఆ నెల లక్షలు ఒక్కసారిగా కావాలి, చెక్కులు తిరిగొచ్చేది అప్పుడే. రెండు మూడు నెలలకో బండి పడేలా తేదీలు ఉండనివ్వండి. అప్పు తేవాల్సి వస్తే తెచ్చి, ప్రీమియం మాత్రం పూర్తిగా కట్టండి.

ఓనరన్నలకు ఒక్క మనవి. డ్రైవరు, క్లీనరు లయబిలిటీకి కట్టేది చాలా చిన్న మొత్తం. ఆ లైను పాలసీలో ఉందో లేదో అడిగి మరీ రాయించండి.