యుద్ధాన్ని ముగించింది బాంబు ఒక్కటేనా?
('ఓపెన్‌హైమర్' చిత్ర విమర్శ)

భౌతికశాస్త్రం చదువుతున్న మీలో చాలామంది 2023లో విడుదలైన 'ఓపెన్‌హైమర్' చిత్రాన్ని చూసే ఉంటారు. క్రిస్టఫర్ నోలన్ దర్శకత్వం వహించిన ఈ మూడు గంటల చిత్రానికి ఏడు ఆస్కార్ బహుమతులు వచ్చాయి. శాస్త్రజ్ఞుని అంతరాత్మను ఇంత శ్రద్ధగా చూపిన చిత్రాలు అరుదు. అయితే యుద్ధం ఎలా ముగిసిందన్న ప్రశ్న దగ్గర ఈ చిత్రం మనల్ని సగం దారిలోనే వదిలేస్తుంది.

ముందు మెచ్చుకోదగిన సంగతి చూద్దాం. 1945 జూలై 16 తెల్లవారుజామున జరిగిన 'ట్రినిటీ' పరీక్ష దృశ్యంలో మొదట వెలుగు కనిపిస్తుంది, చాలాసేపటికి గాని శబ్దం వినబడదు. ఓపెన్‌హైమర్ ఉన్న స్థావరం పేలుడు స్థలానికి సుమారు 9 కిలోమీటర్ల దూరంలో ఉంది. ధ్వని వేగం సెకనుకు 340 మీటర్లనుకుంటే, శబ్దం అక్కడికి చేరడానికి ఎంతసేపు పడుతుందో లెక్క కట్టండి. దాదాపు 27 సెకండ్లు. ఈసారి చూసినప్పుడు చిత్రంలోని నిశ్శబ్దాన్ని వాచీతో కొలిచి, మీ లెక్కతో పోల్చండి.

ఆ తర్వాత కథ వేగం పుంజుకుంటుంది. బాంబులను లారీలలో తరలిస్తారు. హిరోషిమా వార్త రేడియోలో వస్తుంది. ప్రయోగశాల ఉద్యోగులు కాళ్ళతో నేలను దద్దరిల్లజేస్తూ జేజేలు కొడతారు. విధ్వంసం తాలూకు చిత్రాలను చూపే సన్నివేశంలో మనకు ఓపెన్‌హైమర్ ముఖమే కనిపిస్తుంది, ఆ చిత్రాలు కనిపించవు. కథను అతని కళ్ళతో చెప్పదలచిన దర్శకుడి ఎంపిక అది. దాన్ని తప్పుపట్టలేం. కాని పసిఫిక్ యుద్ధరంగం తెరపైకి రానందువల్ల, ప్రయోగశాలలో మొదలైన కథ ప్రయోగశాలతోనే యుద్ధాన్ని ముగించినట్టు ప్రేక్షకుడికి తోస్తుంది.

తెర బయట జరిగిందేమిటి? 1945 మార్చి 9-10 రాత్రి టోక్యోపై కురిసిన మంటల బాంబులకు సుమారు లక్ష మంది చనిపోయారని అంచనా. ఏప్రిల్ 1 నుంచి జూన్ 22 దాకా ఒకినావా దీవిలో సాగిన పోరాటంలో సైనికులతోపాటు లక్షకు అటూ ఇటూగా సాధారణ పౌరులు బలయ్యారు. మే నెలలో బ్రిటిష్ సేనలు రంగూన్‌ను తిరిగి స్వాధీనం చేసుకున్నాయి. బర్మాలో పోరాడిన ఆ సేనల్లో భారతీయ సైనికులే అధికం. నౌకాదళం ధ్వంసమై, సరుకుల రవాణా తెగిపోయి, జపాన్ అప్పటికే చిక్కిపోయింది.

ఆగస్టు మొదటి పక్షాన్ని తేదీలవారీగా చూడండి. 6న హిరోషిమాపై యురేనియం బాంబు పడింది. 8న సోవియట్ యూనియన్ జపాన్‌పై యుద్ధం ప్రకటించింది. 9వ తేదీ మొదలవుతూనే సుమారు 15 లక్షల సోవియట్ సైన్యం మంచూరియాపై విరుచుకుపడింది. సంధికి మధ్యవర్తిగా జపాన్ నమ్ముకున్నది ఆ దేశాన్నే! అదే ఉదయం టోక్యోలో ఆరుగురు సభ్యుల యుద్ధమండలి సమావేశమైంది. చర్చ సాగుతుండగానే నాగసాకిపై ప్లుటోనియం బాంబు పడింది. లొంగుబాటు షరతుల విషయంలో సభ్యులు ముగ్గురు ముగ్గురుగా చీలిపోయారు. చివరికి చక్రవర్తి హిరోహిటో జోక్యం చేసుకున్నాడు.

ఆగస్టు 15న జాతినుద్దేశించి చేసిన రేడియో ప్రసంగంలో చక్రవర్తి కొత్త బాంబును ప్రస్తావించాడు. 17న సైనికులకు పంపిన సందేశంలో మాత్రం సోవియట్ ప్రవేశాన్నే కారణంగా చూపాడు, బాంబు మాట ఎత్తలేదు. మరోవైపు, హిరోషిమా తర్వాత 8వ తేదీనే యుద్ధం త్వరగా ముగించాలని ఆయన విదేశాంగ మంత్రితో అన్నట్టు ఆ మంత్రి రాసుకున్నాడు. అందుకే చరిత్రకారులు నేటికీ ఏకాభిప్రాయానికి రాలేదు.

ఇక్కడ మీకు ప్రయోగశాల పాఠం ఒకటి గుర్తుకు రావాలి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే, ఫలితం దేనివల్ల వచ్చిందో చెప్పడం కష్టం. ఆ ఆగస్టులో మూడు రోజుల వ్యవధిలో రెండు బాంబులు, ఒక మహాదండయాత్ర కలసివచ్చాయి. ఒక్కదాన్నే కారణంగా ఎంచుకోవడం శాస్త్రీయ దృష్టి అనిపించుకోదు.

ఇది పరీక్షలో మార్కుల కోసం తేల్చుకోవలసిన విషయం కాదు. బాంబే శాంతిని తెచ్చిందని నమ్మినవాడు, అవసరమైతే మళ్ళీ తెస్తుందనీ నమ్ముతాడు. 1998 మేలో భారత్, పాకిస్తాన్ రెండూ అణుపరీక్షలు జరిపాయి. ఆ నమ్మకానికి మన ప్రాంతంలో ఎంత మూల్యం చెల్లించవలసి వస్తుందో ఊహించండి. 1945 చివరికి హిరోషిమాలో సుమారు లక్షా నలభై వేల మంది, నాగసాకిలో సుమారు డెబ్భై వేల మంది మరణించినట్టు అంచనా.

చిత్రాన్ని తప్పక చూడండి. నటుడు సిలియన్ మర్ఫీ ముఖంలో చదవవలసింది చాలా ఉంది. చూసి వచ్చాక గ్రంథాలయానికి వెళ్ళి, ఒకినావా గురించీ మంచూరియా గురించీ నాలుగు పుటలు చదవండి. నోలన్ చూపించని మిగతా సగం అక్కడ దొరుకుతుంది.