‘అగ్రికోలా’లో రైతు: టాసిటస్ రచనపై ఒక పరిశీలన

లాటిన్ భాషలో ‘అగ్రికోలా’ అంటే వ్యవసాయదారుడు. బ్రిటన్ పాలకుడిగా పనిచేసిన తన మామ జూలియస్ అగ్రికోలా జీవితాన్ని టాసిటస్ క్రీ.శ. 98 ప్రాంతంలో గ్రంథస్థం చేశాడు. నాయకుని పేరులో ఉన్న రైతుకు గ్రంథంలో దక్కిన స్థానం ఏమిటి? రోమన్ల కాలపు ఉత్తర బ్రిటన్ గ్రామజీవనానికి ఈ రచనను ఆధారంగా స్వీకరించేవారు ముందుగా వేసుకోవలసిన ప్రశ్న ఇది.

19వ అధ్యాయంలో ధాన్యపు పన్ను ప్రస్తావన ఉంది. మూసిన గాదెల ముందు ప్రజలు పడిగాపులు పడటం, ధాన్యాన్ని తిరిగి కొనవలసి రావడం, సమీపంలో శిబిరాలున్నా దూరప్రాంతాలకు మోయవలసి రావడం ఇందులో కనిపిస్తాయి. వర్ణన సజీవమైనదే. కానీ ఈ అక్రమాలను తొలగించిన పాలకుని సచ్ఛీలతను నిరూపించడమే దాని ప్రయోజనం. రైతు బాధ అక్కడ నాయకుని కీర్తికి నేపథ్యం మాత్రమే.

31వ అధ్యాయంలోని కల్గకస్ ప్రసంగం మరింత ఆలోచింపజేస్తుంది. రోమన్లు ఏటేటా పంటను పన్నుగా తీసుకుపోతారని చెప్పిన కల్గకస్, ఆ వెంటనే తమవారి చేత సాగు చేయించుకోవడానికి తమకు పొలాలే లేవంటాడు. మొదటి మాట లొంగిపోయినవారి గురించి, రెండవది స్వతంత్రుల గురించి అని సమన్వయించవచ్చు. అప్పుడు పొలం ఉన్నవాడు పరాధీనుడు, స్వతంత్రునికి పొలం ఉండదు అనే అర్థం తేలుతుంది.

కల్గకస్ మాట్లాడింది సుదూర కాలెడోనియా గురించి. కనుక దక్షిణాన దొరికిన ఆధారాలు ఆ మాటను నేరుగా ఖండించలేవు. కానీ దాని వెనుక ఉన్న విభజనను మాత్రం అవి నిలవనీయవు. క్రీ.శ. 122లో మొదలైన హేడ్రియన్ గోడ కింద పలుచోట్ల నాగటి చాళ్ళు బయటపడ్డాయి. గోడకు ఉత్తరాన నార్తంబర్లండ్ తీరమైదానంలో కందకాల నడుమ గుండ్రటి ఇళ్ళతో ఉన్న రైతు ఆవాసాలు తవ్వకాలలో వెలుగుచూశాయి. అవి రోమన్ల రాకకు ముందునుంచీ ఉన్నవి. అంటే స్వతంత్రులుగా ఉన్నప్పుడే వారు సేద్యగాళ్ళు. గోడ నిర్మాణకాలం ప్రాంతంలో వాటిలో పలు ఆవాసాలు ఖాళీ అయినట్లు పురావస్తు పరిశోధకులు భావిస్తున్నారు.

గోడ టాసిటస్ రచన తరువాతిది; దానిని చెప్పలేదని ఆయనను తప్పుపట్టలేం. అయితే పన్ను కట్టేవాడిగానో, పొలం లేని వీరుడిగానో తప్ప ఉత్తరాది మనిషిని చూడలేకపోవడం ఆయన దృష్టికి ఉన్న పరిమితి. ఈ రచనను సామ్రాజ్య విమర్శగా మెచ్చుకునేటప్పుడు కూడా ఆ పరిమితిని గుర్తించడం అవసరం.