మొగులు బుగ్గ

చలికాలం ముంగిట్లో పత్రికల్లో ఒక మూలకు ఒక ప్రకటన పడుతుంటుంది. టాటా మౌలిక పరిశోధన సంస్థ, అందరూ టీఐఎఫ్‌ఆర్ అనేది, హైదరాబాద్ నుంచి బెలూన్లు ఎగరేయబోతోందని. వాటికి కట్టిన పరికరాలు రంగు రంగుల పారాచూట్ల మీద పల్లెల్లో దిగుతాయని. కంటబడితే ముట్టుకోకుండా దగ్గర్లోని పోలీస్ ఠాణాకో, పోస్టాఫీసుకో కబురు చేయమని. కింద జిల్లాల పేర్లుంటాయి. ఆదిలాబాద్ ఉంటుంది, కరీంనగర్ ఉంటుంది. 2016 అక్టోబర్‌లో జిల్లాలు విడిపోయాక ఆ జాబితా బారెడు పెరిగింది. నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల అన్నీ వచ్చి చేరాయి. గాలికి ఈ సరిహద్దులతో పనిలేదు గానీ, కబురు అందుకోవాల్సిన కలెక్టర్లకు ఉంది.

మా దిక్కు బెలూన్‌ను బుగ్గ అంటారు. శివరాత్రికి వేములవాడ పోయిన పిల్ల బుగ్గ కొనివ్వనిదే గుడి మెట్లు దిగదు. దారం చేజారిందా, అది రాజన్న గోపురం దాటి మొగులు పట్టిపోతుంది. ఆ పిల్ల ఏడుపులోనే బెలూన్ శాస్త్రమంతా ఉంది: వదిలాక అది మన మాట వినదు. దానికి చుక్కాని లేదు, రెక్క లేదు. పైకి పోవడం, కిందికి రావడం, ఈ రెండే మన చేతిలో ఉన్నవి. ఎటు పోవాలో గాలి చెబుతుంది. ఎక్కడ దిగినా అది ఎవరో ఒకరి పొలమే అవుతుంది.

ఈ పొలం సంగతి మొదటి రోజు నుంచీ ఉన్నదే. 1783 జూన్‌లో ఫ్రాన్స్‌లోని అనొనేలో మాంట్‌గోల్ఫియే సోదరులు పొగ నింపిన సంచీని పైకి పంపారు. అదే ఏడు ఆగస్టు 27న పారిస్‌లో చార్లెస్ అనే శాస్త్రవేత్త హైడ్రోజన్ నింపిన బుగ్గను వదిలాడు. అది గొనెస్ అనే పల్లెలో పడింది. బుసలు కొడుతూ పొర్లుతున్న ఆ జంతువేమిటో తెలియక జనం కొంకి కర్రలతో పొడిచి చీల్చేశారు. తరువాత అక్కడి సర్కారు ప్రజలకు ఒక ప్రకటన వేసింది: ఇలాంటివి మళ్ళీ వస్తాయి, భయపడకండి, హాని లేదు. మన పత్రికల్లో వచ్చే ప్రకటనకు అది ముత్తాత. నాకైతే గొనెస్ వాళ్ళను చూసి నవ్వు రాదు. పత్తి ఏరుకుంటున్న చేనులో అంత వస్తువు పైనుంచి దిగితే మనమూ కట్టె తీసుకునేవాళ్ళమే.

ఇంగ్లండ్‌కు ఈ విద్య మరుసటి ఏడే చేరింది. 1784 సెప్టెంబర్ 15న లండన్‌లో లూనార్డీ అనే ఇటలీ యువకుడు హైడ్రోజన్ బుగ్గలో ఎగిరి హెర్ట్‌ఫర్డ్‌షైర్ పొలాల్లో దిగాడు. కిందికి వేసిన తాడు పట్టుకోవడానికి మగవాళ్ళు వెనకాడితే, పనిచేసుకుంటున్న ఒక పల్లె పిల్ల ముందుకొచ్చి పట్టుకుందని చెబుతారు. నేడు ఆ దేశపు పచ్చిక బయళ్ళ మీద తెల్లవారుజామున తేలే బుగ్గలు మాత్రం వేడిగాలివి. 1960లో అమెరికాలో ఎడ్ యోస్ట్ ప్రొపేన్ మంటతో ఎగిరి చూపాక ఆ పాత విద్యకు మళ్ళీ ప్రాణం వచ్చింది. 1967లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో డాన్ కామెరన్ మిత్రబృందం తమ బుగ్గ కుట్టుకుంది. 1979 నుంచి అక్కడ బెలూన్ల జాతర జరుగుతోంది.

వేడిగాలి తేలికని పొయ్యి ముందు కూర్చున్న ఎవరికైనా తెలుసు. ఎంత తేలిక అన్నదే లెక్క. 15 డిగ్రీల చలిలో ఘనమీటరు గాలి 1,225 గ్రాములు తూగుతుంది. దాన్ని 100 డిగ్రీలకు కాస్తే 946 గ్రాములే. తేడా సుమారు 280 గ్రాములు. 3,000 ఘనమీటర్ల బుగ్గ కట్టామంటే 840 కిలోలు లేస్తాయి. గుడ్డ, బుట్ట, సిలిండర్లు, మనుషులు అన్నీ అందులోనే సర్దుకోవాలి. అదే బుగ్గను మే నెల పగలు రామగుండంలో 45 డిగ్రీల ఎండకు తెచ్చి నిలబెట్టండి. బయటి గాలే సగం కాగి ఉంటుంది కనుక లేచే బరువు 490 కిలోల దగ్గర ఆగిపోతుంది. జనవరి పొద్దున ఆదిలాబాద్‌లో 8 డిగ్రీలున్నప్పుడు మాత్రం 930 కిలోల దగ్గరికి చేరుతుంది. ఆ చలికి తలకు రుమాలు చుట్టుకుని తిట్టుకుంటాం గానీ, బుగ్గకు అంతకంటే మంచి పొద్దు లేదు. 2017 నవంబర్‌లో అరకులో బెలూన్ల పండుగ పెట్టినప్పుడు చలి పొద్దులనే నమ్ముకున్నారు.

పొద్దునే ఎందుకంటే మరో కారణం కూడా ఉంది. ఎండ ఎక్కితే నేల కాగి, గాలి సుడులుగా లేస్తుంది. గద్దలు రెక్క కదపకుండా గుట్టల మీద తిరిగేది ఆ సుడుల్లోనే. గద్దకు అది నిచ్చెన, బుగ్గకు గండం. అందుకే ఇంగ్లండ్‌లో పొద్దు పొడుపుకో, పొద్దు గుంకే ముందో ఎగురుతారు. ముందుగా ఒక చిన్న బుగ్గను వదిలి, అది ఏ ఎత్తులో ఎటు తిరుగుతుందో చూస్తారు. కింద తూర్పుకు వీచే గాలి నూరు మీటర్ల పైన ఈశాన్యానికి వీచవచ్చు. పైలట్ పనితనమంతా ఈ పొరల్ని చదవడమే. కుడికి పోవాలంటే కుడికి వీచే పొర ఎక్కడుందో వెతికి, ఆ ఎత్తుకు మంట పెట్టి ఎక్కుతాడు. దిగాలంటే నడినెత్తి మీది మూత తాడు లాగి వేడి వదులుతాడు. ఇంత కొత్త సరంజామాలోనూ బుట్ట మాత్రం నేటికీ పేముతో అల్లినదే. నేల తగిలినప్పుడు లోహం దెబ్బను మనిషికి దాటిస్తుంది, అల్లిక తాను వంగి దెబ్బ మింగుతుంది. మన మేదరి ఇంటివాళ్ళకు ఈ ముక్క ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక మన బుగ్గ సంగతి. హైదరాబాద్ బుగ్గలో మనిషి ఎక్కడు, మంట ఉండదు. అది హైడ్రోజన్‌తో ఎగురుతుంది. ఘనమీటరుకు కిలో పైన లేపుతుంది కనుక వేడిగాలికి నాలుగింతల బలం. 50 నుంచి 85 మీటర్ల అడ్డుకొలత ఉండే ఈ బుగ్గల్లో పెద్దదాన్లో చార్మినార్ మినార్లతో సహా ఇమిడిపోతుంది. 30 నుంచి 42 కిలోమీటర్ల ఎత్తుకు పోయి, కొన్ని గంటలు, ఒక్కోసారి పది గంటల దాకా నిలుస్తుంది. విమానాలు తిరిగే ఎత్తుకు అది మూడు నాలుగు రెట్లు. వేడిగాలితో మన దేశం నుంచి ఎక్కువ ఎత్తు పోయినవాడు విజయ్‌పత్ సింఘానియా. 2005 నవంబర్ 26న ముంబైలో లేచి 21 కిలోమీటర్లు ఎక్కి, నాసిక్ జిల్లా సిన్నర్ దగ్గరి పల్లెలో దిగాడు. అంతటివాడి రికార్డు కూడా మన బుగ్గకు సగం దారే.

హైదరాబాదే ఎందుకన్న ప్రశ్నకు జవాబు టీఐఎఫ్‌ఆర్ స్థాపకుడు హోమీ భాభా దగ్గర మొదలవుతుంది. అంతరిక్షం నుంచి రాలే కాస్మిక్ కిరణాల కోసం ఆయన 1940లలోనే బెంగళూరులో బుగ్గలు ఎగరేయించాడు. ఆ కిరణాల్లో బలహీనమైనవాటిని భూమి అయస్కాంత శక్తి పక్కకు నెట్టేస్తుంది. భూమధ్యరేఖకు దగ్గరైనకొద్దీ ఆ నెట్టుడు ఎక్కువ. అంటే హైదరాబాద్ మీది మొగులులో పనికిరాని రొద తక్కువ. ఎక్స్ కిరణాల కోసం, గామా కిరణాల కోసం చెవి ఒగ్గేవాడికి అంత నిశ్శబ్దం యూరప్‌లో దొరకదు. మొదట్లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణ నుంచి ఎగరేసేవారు. 1969లో హైదరాబాద్‌లోనే ఈసీఐఎల్ సంస్థ దగ్గర సొంత కేంద్రం వచ్చింది. ఇప్పటికి 500 పైచిలుకు బుగ్గలు ఎగిరాయి.

రొద తక్కువన్నది వరమైతే, చలి శాపం. మండే ఎండల మన నేల మీదే, 16-17 కిలోమీటర్ల ఎత్తున, ధ్రువాల మీద కంటే కటికచలి ఉంటుంది. సున్నాకు 80 డిగ్రీలు కింద. ఆ చలికి మామూలు ప్లాస్టిక్ పొర చలికాలపు కొబ్బరినూనెలా గడ్డకట్టి పెళుసవుతుంది, పెంకులా పగులుతుంది. విదేశాల నుంచి తెచ్చిన పొరలు ఈ గండం దాటలేక దారిలోనే చిరిగేవి. దానికోసం ఇక్కడే ఆంట్రిక్స్ అనే ప్రత్యేకమైన పాలిథీన్ పొర తయారుచేసుకున్నారు. మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతు. వెడల్పు పట్టీలుగా కోసి, బత్తాయి తొనల్లా పక్కపక్కన చేర్చి, అంచులను వేడితో అతికిస్తారు. ఒక్క అతుకు తప్పినా చేసిన పనంతా మట్టి.

ఎగరేయడం చూడాల్సిన పని. నేల గాలి అణిగే రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఆరున్నర లోపు కానిస్తారు. నేలమీద గుడ్డ పరిచి, బుగ్గను దానిమీద పొడుగ్గా పండబెడతారు. మొత్తం నింపరు. తలకాయ భాగంలో మాత్రమే హైడ్రోజన్ పోసి, దాని మెడ దగ్గర ఒక రోలరుతో అదిమి పెడతారు. మిగతాదంతా పాము విడిచిన కుబుసంలా పడి ఉంటుంది. ఎందుకంటే 35 కిలోమీటర్ల ఎత్తున గాలి ఒత్తిడి నేలమీదిదానిలో నూట డెబ్బయ్యో వంతు. కింద గుప్పెడు పోసిన గ్యాసు పైన గాదె నిండా ఉబ్బుతుంది. కిందే నిండా పోస్తే దారిలోనే పిగులుతుంది. కుబుసం అవతలి చివరన పరికరాలు ఒక లారీ మీద పట్టి ఉంటాయి. రోలరు వదలగానే తలకాయ బుస్సున లేస్తుంది, కుబుసం వెంట లేస్తుంది, మొత్తం ఒక గోడలా నిలబడుతూ గాలి వాలుకు వంగుతుంది. లారీ డ్రైవరు ఆ వంపును చూసుకుంటూ సరిగ్గా బుగ్గ కిందికి బండి నడపాలి. తాడు నిట్టనిలువుగా బిగుసుకున్న ఆ క్షణంలో పరికరాలను వదలాలి. ముందే వదిలితే అవి నేల దున్నుకుంటూ పోతాయి. ఆలస్యమైతే తాడు తెగుతుంది. కోట్ల విలువ చేసే దూరదర్శిని ఒక డ్రైవరు కంటి అంచనా మీద ఆధారపడే ఆ అర నిమిషం నాకు ఈ విద్య మొత్తంలో ఇష్టమైన ఘట్టం.

ఆ తరువాత గంటకు 18 కిలోమీటర్ల చొప్పున, రెండు గంటల్లో 36 కిలోమీటర్లు. పైన ఎత్తు తగ్గుతుంటే మోసుకుపోయిన ఇనుప రవ్వను కొంత రాల్చి తేలికవుతుంది. ఎక్కువైతే నెత్తిమీది వాల్వు తెరిచి గ్యాసు వదులుతుంది. అంటే పైలట్ చేసే పనే, కింద కూర్చుని రేడియోతో. ఆఖరున కత్తిరింపు ఆజ్ఞ వెళుతుంది. పరికరాలు పారాచూట్ మీద విడిగా, బుగ్గ విడిగా దిగుతాయి. విశాఖపట్నం, హైదరాబాద్, షోలాపూర్‌లను కలిపే గీత వెంట, 200 నుంచి 350 కిలోమీటర్ల దూరంలో పడతాయని ప్రకటన చెబుతుంది. నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా ఇది కాలం. మనకప్పుడు పత్తి ఏరుడు, యాసంగి నాట్లు, పసుపు తవ్వకం. కేస్లాపూర్‌లో నాగోబా జాతర కూడా ఆ నెలల్లోనే.

ఇంత చేసి ఏమొచ్చిందని అడిగేవాళ్ళుంటారు. వచ్చినవాటిలో ఒకటి చెబుతాను. 2005 ఏప్రిల్ 20న ఇస్రో ఒక పెద్ద బుగ్గకు 459 కిలోల సరంజామా కట్టి పంపింది. అందులో ద్రవ నియాన్‌లో మునిగిన ఉక్కు గొట్టాలు. 20 నుంచి 41 కిలోమీటర్ల మధ్య ఒక్కో ఎత్తులో ఒక్కో గొట్టం మూతి తెరుచుకుని అక్కడి గాలిని గుక్కపట్టి తాగింది. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ నడిపిన ప్రయోగం అది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీలో, పుణేలో ఆ గాలిని పరీక్షిస్తే భూమ్మీద అప్పటికి ఎవరూ ఎరుగని మూడు బ్యాక్టీరియాలు దొరికాయి. ఒకదానికి ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హాయిల్ పేరు, ఒకదానికి ఇస్రో పేరు, మూడోదానికి ఆర్యభటుడి పేరు పెట్టారు. అవి కింది నుంచి పోయినవా, పైనుంచి వచ్చినవా అన్నది ఆ ప్రయోగం తేల్చలేదు. తేల్చామని చెప్పుకోకపోవడమే నాకు నచ్చింది.

మీటరు అద్దం ఉన్న దూరదర్శినిని ఇలాగే పంపి, నక్షత్రాలు పుట్టే మబ్బుల వేడిని కొలిచారు. ఆ కిరణాలను మన గాలిలోని తేమ నేలదాకా రానివ్వదు. 2015లో ఎగిరిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహంలోని ఎక్స్ కిరణ పరికరానికి పూర్వీకులు బుగ్గల మీద ఎగిరి దిగినవే. దిగడం అన్నదే ఇక్కడ విలువ. రాకెట్ మీద పోయింది మామూలుగా తిరిగి రాదు. బుగ్గ మీద పోయింది జగిత్యాల చెలుకలోనో, జైనూర్ అడవి అంచునో దిగి, జీపెక్కి తిరిగొచ్చి, తప్పు దిద్దుకుని మళ్ళీ పోతుంది.

అందుకే దిగేచోటి మనిషి ఈ విద్యలో భాగస్వామి అంటాను. 2022 డిసెంబర్ 7న వికారాబాద్ జిల్లా మొగిలిగుండ్ల పొలాల్లో ఒక పెద్ద తెల్లటి గుల్ల దిగింది. అంతరిక్ష విహారం అమ్మాలనుకునే ఒక స్పెయిన్ కంపెనీ హైదరాబాద్ నుంచి పంపి చూసుకున్న నమూనా అది. సంగతి తెలిసేలోపు చుట్టుపక్కల ఊళ్ళన్నీ అక్కడే ఉన్నాయి. ఇంగ్లండ్‌లో బెలూన్ వాళ్ళు రైతును అడగకుండా పొలంలోకి బండి తీసుకుపోకూడదని కట్టుబాటు పెట్టుకున్నారు. ఎక్కడ పశువులున్నాయో, ఎక్కడ దిగవద్దో పటాలు గీసుకుని తిరుగుతారు. మన ప్రకటన కబురు చేసినవాడికి బహుమానం, దారి ఖర్చులు ఇస్తానంటుంది, విప్పితే ఇవ్వనంటుంది. కొన్ని పెట్టెల్లో విద్యుత్తు ఎక్కువ కనుక ఆ హెచ్చరిక న్యాయమే. అయితే పెట్టె కంటే దాన్ని చూడవచ్చిన జనం కాళ్ళే నాటేసిన మడికి ఎక్కువ నష్టం. ఆ తొక్కుడుకూ ఒక లెక్క కట్టాలి.

బుగ్గ దిగకపోయినా కనబడుతుంది. 35 కిలోమీటర్ల మీద ఎండ మనకంటే ఇరవై నిమిషాలకు పైగా ముందే పడుతుంది. రాత్రి కరెంటుకు మోటరు పెట్టి, చలికి గొంగడి కప్పుకుని మడి గట్టు మీద కూర్చున్నవాడు కరీంనగర్ దగ్గరైనా దక్షిణం దిక్కుకు చూస్తే, ఇంకా చీకటిగా ఉన్న మొగులు మీద, గుట్టలకు కాస్త పైన, కదలని ఒక తెల్లటి చుక్క. వేగుచుక్క కనబడే నెలల్లో అది తూర్పున తన చోట ఉండనే ఉంటుంది.